పాము కుబుసం నమిలి ఒళ్లంతా నాక్కుంటున్న నేల ఉడుత: దీనికేమైనా పిచ్చా?

కొండబాట:
అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా చదవడమే తప్ప ఇక్కడ రాయడం ఇదే మొదలు. నేను ఉండేది కాలిఫోర్నియాలో. సెలవు దొరికితే కొండలెక్కడం అలవాటు. నిన్న పొద్దున్నే బాట పక్కన బండ మీద కూర్చుని అలుపు తీర్చుకుంటుంటే పది పన్నెండు అడుగుల దూరంలో ఓ నేల ఉడుత కనిపించింది. ఇక్కడ ఎటు చూసినా ఉండే రకమే. భుజాల మీద బూడిద చల్లినట్టు తెలుపు, గుబురు తోక. ముందుకాళ్లతో ఎండుటాకులాంటిదేదో పట్టుకుని తెగ నములుతోంది. తింటోందేమో అనుకున్నా. మింగలేదు. కాసేపు నమలడం, మెడ తిప్పి పక్కటెముకల మీది బొచ్చు నాక్కోవడం, మళ్లీ నమలడం. చివరికి తోక పట్టుకుని మొదలు నుంచి కొసదాకా నాకింది, జడకి నూనె పట్టించినట్టు. ఐదారు నిమిషాలు ఇదే తంతు.

అది బొరియలో దూరాక దగ్గరికి వెళ్లి చూశా. పాము కుబుసం! పొలుసుల అచ్చు కూడా చెక్కు చెదరలేదు.

తనని మింగే పాము తోలు తనే నోట్లో పెట్టుకోవడమేంటండీ? దానికి పిచ్చా, లేక నేనే తప్పు చూశానా?

సందేహాలరాయుడు:
ఉప్పు కోసమో, కాల్షియం కోసమో అయ్యుంటుంది. ఎలుకజాతి జంతువులు ఎముకలు కూడా కొరుకుతాయిగా.

జువాలజీ మాస్టారు:
ఉప్పు కోసమైతే మింగి ఊరుకునేది రాయుడుగారూ, ఒంటికి పట్టించుకోదు. కొండబాటగారూ, మీరు తప్పు చూడలేదు, చాలామందికి దొరకని దృశ్యం చూశారు.

అది రాటిల్ స్నేక్, అంటే తోక గలగలలాడించే విషప్పాము, వాసన పులుముకోవడం. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన బార్బరా క్లూకస్, డొనాల్డ్ ఓవింగ్స్, వాళ్లతో పనిచేసిన మాథ్యూ రో దీని మీద 2008లో పరిశోధన పత్రాలు ప్రచురించారు. కాలిఫోర్నియా నేల ఉడుతలూ, రాతి ఉడుతలూ రెండూ ఈ పని చేస్తాయి. కుబుసం దొరక్కపోతే పాము పడుకుని వెళ్లిన చోటి మట్టి కూడా కొరికి నాక్కుంటాయి.

ఇందులో అసలు కీలకం ఏంటంటే, అన్ని ఉడుతలూ ఒకేలా చెయ్యవు. పెద్ద మగవి తక్కువ. ఆడవి, పిల్లలు ఎక్కువ. పాముకి దొరికే ప్రమాదం ఎవరికి ఎక్కువో చూస్తే లెక్క అక్కడే తేలిపోతుంది. రాత్రి బొరియలో పిల్లలతో పడుకున్నప్పుడు పాము వాసన పట్టుకునే కదా వస్తుంది. ఉడుత వాసన మీద పాము వాసన కలిసి ఉంటే రాటిల్ స్నేకులు అంతగా ఆకర్షితం కావడం లేదని ఆ బృందం పరీక్షించి చూపించింది. పేలు, గోమార్లు పోవడానికా, తోటి ఉడుతల్ని బెదరగొట్టడానికా అన్న కోణాలు కూడా చూశారు, ఆ రెండూ నిలబడలేదు.

సందేహాలరాయుడు:
ఒప్పుకున్నా. కానీ మాస్టారూ, పాము విషం వీటికి ఎక్కదని ఎక్కడో చదివా. ఎక్కనప్పుడు ఇంత హంగామా దేనికి?

జువాలజీ మాస్టారు:
సగం నిజం చదివారు. ఎక్కదు అనకూడదు, తట్టుకుంటుంది అనాలి. ఎదిగిన కాలిఫోర్నియా నేల ఉడుత రక్తంలో ఆ విషాన్ని పట్టి నిర్వీర్యం చేసే ప్రోటీన్లు ఉన్నాయి. అందుకే కాటు పడినా చాలాసార్లు బతికి బట్టకడుతుంది. కాటు పడ్డ చోట పుండు పడటం, చర్మం చచ్చిపోవడం మామూలే. ఇంకో సంగతి, ఈ శక్తి అన్నిచోట్లా ఒకే మోతాదులో లేదు. రాటిల్ స్నేకులు మసలే ప్రాంతాల ఉడుతల్లో ఎక్కువ, పాముల్లేని చోట్ల తక్కువ.

పిల్లల సంగతి వేరు. వాటి రక్తంలోనూ ఆ గుణం కొంత ఉంటుంది కానీ ఒంట్లో రక్తమే గుక్కెడు. ఒక కాటులో దిగే విషం ఆ చిన్న ఒంటికి మోయలేని బరువు. అందుకే పాము వేట అంతా పిల్లల మీదే. తల్లి పోరాటమూ అందుకే.

వెన్నెల రెక్కలు:
ఆ పోరాటం నేను వీడియోలో కాదు, కళ్లారా చూశాను. బొరియ ముందు పాము చుట్ట చుట్టుకుని ఉంది. తల్లి ఉడుత పారిపోలేదు సరికదా ఎదురెళ్లింది. తోకని నిలువుగా ఎత్తి ఇటూ అటూ కొడుతోంది, జెండా ఊపినట్టు. వెనక్కి తగ్గినట్టే తగ్గి ముందుకాళ్లతో ఇసుక పాము మొహం మీదికి ఎగజిమ్మింది. మూడు నాలుగు సార్లు. పాము తోక గలగలలాడించగానే ఆగి, తల వంచి వింది. ఆ వినడం మాత్రం నాకు అర్థం కాలేదు అప్పట్లో.

జువాలజీ మాస్టారు:
పాము బలం అంచనా వేస్తోందమ్మా అది. రో, ఓవింగ్స్ దీన్ని చాలా ఏళ్లు పరిశీలించారు. పెద్ద పాము గలగల ఒకలా ఉంటుంది, చిన్నదానిది ఇంకోలా. ఒళ్లు వెచ్చబడ్డ పాము తోక వేగంగా ఆడిస్తుంది, చలికి మొద్దుబారినది నెమ్మదిగా. పెద్దది, పైగా వెచ్చగా ఉన్నది అంటే ప్రమాదం ఎక్కువ. ఇసుక జల్లి గలగలలాడేలా రెచ్చగొట్టడం వల్ల ఎదుటి పాము ఎంతటిదో దాని నోటితోనే, కాదు, తోకతోనే చెప్పించుకుంటోంది.

అసలు అద్భుతం తోకలో ఉంది. రాటిల్ స్నేక్ కంటికీ ముక్కుకీ మధ్య వేడిని పసిగట్టే గుంటలుంటాయి. దాని ముందు తోక ఊపేటప్పుడు ఉడుత తోకలోకి రక్తం ఎక్కువ పంపి దాన్ని వెచ్చబరుస్తుంది. పాము కళ్ల ముందు ఉడుత ఒక్కసారిగా పెద్దదైపోయినట్టు. అదే గోఫర్ పాము ఎదురైతే, దానికి ఆ గుంటలు లేవు, తోక ఊపుతుందే గానీ వెచ్చబరచదు! ఆరన్ రండస్, ఓవింగ్స్ తదితరులు 2007లో దీన్ని బయటపెట్టారు. వెచ్చబడే తోకతో ఓ మర ఉడుతని చేయించి రాటిల్ స్నేక్ ముందు పెట్టి మరీ చూశారు. తోక వేడెక్కినప్పుడు పాము దాడి మానేసి ఆత్మరక్షణలో పడింది.

సందేహాలరాయుడు:
మర ఉడుత! ఆ ఉద్యోగానికి దరఖాస్తు ఎక్కడ పెట్టుకోవాలి మాస్టారూ?

తోటమాలి:
అందరూ మెచ్చుకుంటున్నారు గానీ, వీటితో బతికే వాణ్ని నన్నడగండి. మా గోడ పునాది కింద బొరియ తవ్వి తవ్వి ఒక వానాకాలానికి గోడ ఓ పక్కకి ఒరిగిపోయింది. ఒక కన్నం పూడిస్తే రెండు కన్నాలు పుడతాయి. చెంపల్లో ఆ సంచులు చూశారా? మొలకలేసిన బఠాణీ గింజలన్నీ చెంపల్లో కుక్కుకుని, మొహం రెండింతలు చేసుకుని నా ముందు నుంచే నింపాదిగా నడిచిపోయింది ఒకటి. పరిగెత్తనైనా పరిగెత్తలేదు.

వెన్నెల రెక్కలు:
తోటమాలిగారూ, మీ బాధ బాధే. కానీ ఆ బొరియల్ని నమ్ముకుని బతికే వాళ్లు ఇంకా ఉన్నారు. బొరియ గుడ్లగూబ సొంతంగా తవ్వుకోవడం అరుదు, కాలిఫోర్నియాలో ఎక్కువగా ఈ ఉడుతల పాత బొరియల్లోనే కాపురం. టైగర్ సాలమాండర్ అనే తోక ఉన్న ఉభయచరం ఏడాదిలో చాలా భాగం ఆ కన్నాల్లోనే గడుపుతుంది. ఉడుతలకి మందు పెట్టి చంపేస్తే ఇవీ నిరాశ్రయమవుతాయి.

గుడ్లగూబ పిల్ల ఇంకో గమ్మత్తు చేస్తుంది. బొరియలో ఎవరైనా తల పెడితే బుస్సుమంటుంది, అచ్చం రాటిల్ స్నేక్ గలగలలాగే. ఆ చప్పుడు విన్న ఉడుతలు వెనక్కి తగ్గుతాయని కూడా పరీక్షించి చూశారు. ఒకరి భయం ఇంకొకరికి తలుపు గడియ.

కొండబాట:
ఒక్క కుబుసం ముక్కకి ఇంత కథా! ఇంకోటి అడుగుతా. ఇవి నిలబడి కిచ్‌మని అరుస్తుంటాయి కదా, నేను దగ్గరికెళ్లగానే ఒకటి మొదలెడితే మిగతావన్నీ మాయం. అరిచేదే అందరికన్నా ముందు కనబడిపోతుంది. మందకోసం ప్రాణత్యాగమా అది?

సందేహాలరాయుడు:
త్యాగమే. చీమలూ తేనెటీగలూ చెయ్యట్లేదా.

జువాలజీ మాస్టారు:
రాయుడుగారూ, ఆ "మందకోసం" అన్న మాట దగ్గరే జీవశాస్త్రంలో పెద్ద పంచాయితీ నడిచింది. దాన్ని తేల్చిన వాళ్లలో పాల్ షెర్మన్ ఒకరు. సియెర్రా నెవాడా కొండల్లో టియోగా కనుమ దగ్గర బెల్డింగ్ నేల ఉడుతలకి ఒక్కోదానికి గుర్తులు వేసి, ఎవరు ఎవరి కూతురో, ఎవరి చెల్లెలో రాసుకుంటూ వేసవులకి వేసవులు గడిపాడు. 1977లో ఫలితం వచ్చింది. నేల మీద వచ్చే వేటజంతువుని, నక్కలాంటి కయోటీనో, ముంగిసలా కనిపించే వీజిల్‌నో, చూసి అరిచేవి ఎక్కువగా ఆడవి. అందులోనూ చుట్టుపక్కల కూతుళ్లో, తల్లో, అక్కచెల్లెళ్లో బతికి ఉన్న ఆడవి. మగవి గమ్మునుంటాయి.

ఎందుకంటే ఆడపిల్లలు పుట్టినచోటే బొరియ కట్టుకుంటారు. మగపిల్లలు మొదటి వేసవిలోనే ఇల్లొదిలిపోతారు. పరాయి ఊళ్లో ఉన్న మగవాడికి అరిచి కాపాడుకోవాల్సిన చుట్టం ఎవరూ లేరు. అరిస్తే ప్రమాదం కూడా నిజమే, అరిచిన ఉడుతల వెంట వేటజంతువు పడటం ఎక్కువని ఆయన లెక్కల్లో తేలింది. అంటే త్యాగం కాదనను, కానీ అందరికోసం కాదు, రక్తసంబంధం కోసం.

వెన్నెల రెక్కలు:
మాస్టారూ, గద్ద వస్తే కూడా అంతేనా?

జువాలజీ మాస్టారు:
మంచి ప్రశ్న. కాదు! గద్దకి కూత వేరు. సన్నటి ఈలలాంటిది, ఒకే ఒక్క స్వరం. నేల మీది శత్రువుకి గొలుసుకట్టుగా వచ్చే కూత. ఈల విషయంలో మగా ఆడా అందరూ వేస్తారు, వేసిన వాళ్లకే లాభం. ఈల వినగానే అందరూ ఒక్కసారి పరుగు లంకించుకుంటారు, ఆ గందరగోళంలో గద్దకి గురి కుదరదు. షెర్మన్ 1985లో ఈ తేడా చూపించాడు. ఒకే ఉడుత, రెండు కూతలు. ఒకటి చుట్టాల కోసం, రెండోది తన కోసం.

సందేహాలరాయుడు:
సరే, త్యాగమూర్తి బిరుదు వెనక్కి తీసుకుంటున్నా. కొత్త బిరుదు ఏమివ్వాలో ఆలోచిస్తా.

వెన్నెల రెక్కలు:
ఇవ్వకముందే ఇంకోటి వినండి. అదే బెల్డింగ్ ఉడుతల్లో పిల్లల్ని చంపేవాళ్లూ ఉన్నారు. కొత్త చోటు వెతుక్కుంటూ వచ్చిన పరాయి ఆడది, ఇరుగింటి బొరియలోంచి కళ్లు తెరవని పిల్లల్ని లాగి చంపుతుంది. చోటు కోసం. ఏడాది వయసు మగవి చంపితే తినడానికి. దగ్గరి చుట్టాలు పక్కపక్కన ఉంటే కలిసి కాపలా కాస్తాయి, అలా కాసుకున్న చోట పిల్లల నష్టం తక్కువ. నాకు ఇది మొదటిసారి చదివినప్పుడు రెండ్రోజులు మనసు బాలేదు. తోట గోడ మీద నిలబడి చేతులు కట్టుకున్నట్టు కనిపించే జీవి గురించి ఎవరూ అలా ఊహించరు కదా.

ఆ జాతి ఆడదానికి ఏడాదిలో జతకట్టే సమయం ఎంతో తెలుసా? ఒక్క రోజు. అందులోనూ నాలుగైదు గంటలు. ఆ కాసేపట్లోనే ఒకటికి మించి మగవాటితో జతకడుతుంది, ఒకే కాన్పులో పిల్లలకి తండ్రులు వేరువేరుగా ఉండటం మామూలు. మగవి మంచు కరగకముందే పైకొచ్చి, ఆ రోజు కోసం ఒళ్లు చీరుకునేలా కొట్టుకుంటాయి.

సందేహాలరాయుడు:
ఏడాదికి నాలుగు గంటలా! అంత తొందరేంటి దానికి?

చలిగది:
ఆ తొందరకి జవాబు నా దగ్గర ఉంది, అందుకే చర్చలోకి దూకుతున్నా. కొన్నేళ్లు ఒక ప్రయోగశాలలో పదమూడు చారల నేల ఉడుతల చలిగది చూసుకునే పని చేశాను.

వాటి క్యాలెండర్ మనది కాదు. పైన బతికేది ఏడాదిలో నాలుగైదు నెలలే చాలా జాతులకి, మిగతా కాలం బొరియలో ఒళ్లు చల్లబరచుకుని కదలకుండా ఉండే సుప్తావస్థలోనే. ఆ కాస్తలో జతకట్టాలి, కనాలి, పెంచాలి, మళ్లీ చలికాలానికి సరిపడా కొవ్వు పట్టాలి. పిల్లలు కూడా అంతే, పుట్టిన నాలుగైదు వారాలకి బయటికొచ్చి, కొద్ది నెలల్లో తమ మొదటి చలికాలానికి సిద్ధమవ్వాలి. ఆలస్యంగా పుట్టిన పిల్ల సన్నగా లోపలికెళ్తుంది, వసంతానికి పైకి రాదు. తొందర ఉండదా మరి.

చలిగది గురించి చెప్తాను. 4 డిగ్రీల సెల్సియస్, చీకటి, ఎర్ర దీపం తప్ప వెలుగు లేదు. ఒక్కో డబ్బాలో రంపపొట్టు, అందులో ముడుచుకున్న ఉడుత. మొదటిసారి అరచేతిలోకి తీసుకున్నప్పుడు చచ్చిపోయిందనే అనుకున్నా. నది ఒడ్డున గులకరాయిలా గుండ్రంగా, చల్లగా. ముక్కు తోక కింద దాచుకుని ఉంది. ఊపిరి కోసం చూస్తూ నిలబడ్డా. ఏమీ లేదు. నా ఊపిరే పొగలా కనబడుతోంది గానీ దానిది లేదు. దించేద్దామనుకునేలోపు ఛాతీ ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఎగసింది. మళ్లీ నిశ్శబ్దం.

మెలకువలో నిమిషానికి 200 పైచిలుకు కొట్టుకునే గుండె ఆ స్థితిలో పదిలోపుకి దిగిపోతుంది. ఒళ్లు దాదాపు గదంత చల్లగా.

సందేహాలరాయుడు:
హాయిగా ఆరు నెలలు నిద్ర. జన్మంటే అది.

చలిగది:
అదే తప్పు. అది నిద్ర కాదండీ! నిద్ర కోసం లేస్తాయి అవి.

ఒకటి రెండు వారాలకోసారి అన్నీ వాటంతటవే వేడెక్కుతాయి. చూడటానికి కష్టంగా ఉంటుంది. ముందు భుజాల దగ్గరుండే గోధుమ కొవ్వు రాజుకుంటుంది, అది వణకకుండానే వేడి పుట్టించే కొవ్వు. ఆ తర్వాత ఒళ్లంతా వణుకు. ముందు ఛాతీ, తల వెచ్చబడతాయి, వెనక కాళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి. రెండు మూడు గంటల్లో 37 డిగ్రీలు. ఇంత కష్టపడి వేడెక్కి చేసేదేంటి? ఆ మెలకువలో ఎక్కువ భాగం పడుకుంటాయి. మామూలు నిద్ర. మెదడు తరంగాలు కొలిస్తే గాఢనిద్ర బాకీ ఉన్నవాడు పడుకున్నట్టే ఉంటాయని 1991లో రెండు బృందాలు చూపించాయి. అంత చలిలో మెదడు అసలైన నిద్ర పోలేదన్నమాట. చలికాలం మొత్తం కరిగే కొవ్వులో సింహభాగం ఈ లేవడాలకే ఖర్చు.

ఎవరు లేచారో మాకు ఎలా తెలిసేదంటే, ప్రతి ఉడుత వీపు మీద చిటికెడు రంపపొట్టు పెట్టేవాళ్లం. మర్నాడు పొట్టు అలాగే ఉంటే కదల్లేదు. రాలిపోయి ఉంటే లేచి పడుకుంది. ఖరీదైన యంత్రాలున్న గదిలో అన్నిటికన్నా నమ్మకమైన పనిముట్టు ఆ చిటికెడు పొట్టే.

కొండబాట:
చలిగదిగారూ, ఒళ్లు గగుర్పొడిచింది. ఆరేడు నెలలు తిండీ నీళ్లూ లేకుండా కండ ఎలా నిలుస్తుంది? మనం రెండు వారాలు మంచాన పడితే కాళ్లు పుల్లలైపోతాయి.

చలిగది:
2022లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు దీనికి ఓ జవాబు చూపించారు. మూత్రంలో పారబోసే యూరియా ఉంటుందే, దాన్ని ఇవి పారబోయవు. పేగులోకి పంపుతాయి. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టి నైట్రోజన్ విడుదల చేస్తాయి, ఆ నైట్రోజన్ మళ్లీ ఉడుత కండల ప్రోటీన్‌లోకి చేరుతుంది. చలికాలం చివరికొచ్చేసరికి ఈ పని ఇంకా జోరందుకుంటుంది. సూక్ష్మజీవుల్ని మందులతో తగ్గిస్తే ఈ రాబడి పడిపోయింది.

మెదడు సంగతి కూడా చెప్పాలి. సుప్తావస్థలో నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోతాయి, వాటి మధ్య అతుకులు తగ్గుతాయి. టౌ అనే ప్రోటీన్ మీద, అల్జీమర్స్ రోగుల మెదడులో కనిపించేలాంటి మార్పు వస్తుంది. లేచిన కొద్ది గంటల్లో మొత్తం మళ్లీ మామూలు. అల్జీమర్స్ మీద పనిచేసే వాళ్లు ఈ ఉడుతల వైపు చూసేది ఇందుకే.

కానీ నేను చూసినవి మెత్తని చలి. అసలు మొనగాడు ఆర్కిటిక్ నేల ఉడుత. అలాస్కాలో బ్రయన్ బార్న్స్ 1989లో కొలిచాడు, దాని ఒళ్లు సున్నా కన్నా 2.9 డిగ్రీలు కిందికి దిగింది. గడ్డకట్టలేదు. రక్తంలో గడ్డకట్టనివ్వని పదార్థం ఏదో ఉందనుకుంటాం, లేదు. స్ఫటికం మొదలు కావడానికి ఏదో ఒక నలుసు కావాలి, ఆ నలుసులు దొరక్కుండా చూసుకుంటుందనే అనుకుంటున్నారు. ఏడెనిమిది నెలలు అలా. మధ్యలో రెండు మూడు వారాలకోసారి లేస్తూ.

జువాలజీ మాస్టారు:
దానికి కొసరు. 2023లో అదే అలాస్కా నుంచి పాతికేళ్ల కొలతలు వెలువడ్డాయి. నేల వెచ్చబడుతున్న కొద్దీ ఆడ ఉడుతలు పూర్వం కన్నా ముందుగా పైకొస్తున్నాయి, పాతికేళ్లలో దాదాపు పది రోజులు. మగవి మాత్రం పాత తేదీలకే. మగవి ఎప్పుడూ ముందే సుప్తావస్థ చాలించి, దాచుకున్న గింజలు తిని బొరియలోనే బలం పుంజుకుంటాయి, వృషణాలు ఎదగడానికి వెచ్చటి ఒళ్లు కావాలి. ఆ ముందు వెనకల తేడా ఇప్పుడు కరిగిపోతోంది. ఇలాగే సాగితే పెళ్లికూతురు వచ్చేసరికి పెళ్లికొడుకు ఇంకా తయారవుతూ ఉంటాడు.

తోటమాలి:
గింజలు దాచుకుంటాయన్నారు, సరే. కానీ నిరుడు ఒకటి ఎలుకని కరుచుకుని పరిగెత్తడం చూశానని నేను చెప్తే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. మీరైనా నమ్ముతారా?

సందేహాలరాయుడు:
చచ్చిన ఎలుకేమో తోటమాలిగారూ.

జువాలజీ మాస్టారు:
నమ్ముతాం. మీ ఇంట్లో వాళ్లకి ఇది చదివి వినిపించండి. 2024 జూన్, జులై నెలల్లో కాలిఫోర్నియాలో బ్రయోన్స్ ఉద్యానవనంలో జెన్నిఫర్ స్మిత్, సోన్యా వైల్డ్ వాళ్ల బృందం 74 సంఘటనలు రాసుకుంది. ఉడుతలకీ వోల్ అనే పొట్టి తోక ఎలుకకీ మధ్య. అందులో 42 శాతం సందర్భాల్లో ఉడుత వేటాడుతోంది. నేలకి అంటుకుపోయి పొంచడం, దూకడం, మెడ కొరకడం. పన్నెండేళ్లుగా అదే చోట ఉడుతల్ని చూస్తున్న వాళ్లు కూడా మొదట తమ విద్యార్థులు తెచ్చిన వీడియో నమ్మలేకపోయారు. ఆ ఏడు వోల్ ఎలుకలు విపరీతంగా పెరిగాయి, ఉడుతలు అందిన మాంసం అందుకున్నాయి. గింజలు తినేదని మనం పెట్టిన పేరు, అది ఒప్పుకున్నది కాదు.

తోటమాలి:
వినిపించాను. మా ఆవిడ "అయితే అది మన తోటకి కాపలాదారన్నమాట" అంది. నేనిక్కడ గోడ కట్టించుకుంటున్నాను!

వెన్నెల రెక్కలు:
😀 వేట అంటే గుర్తొచ్చింది. ప్రెయిరీ డాగులు కూడా ఈ కుటుంబమే కదా, పేరులో డాగ్ ఉన్నా ఉడుతజాతే. తెల్లతోక ప్రెయిరీ డాగులు దగ్గర్లో తిరిగే వయోమింగ్ నేల ఉడుత పిల్లల్ని చంపి, తినకుండా వదిలేస్తాయి. గడ్డి కోసం పోటీ. 2016లో హూగ్లండ్, బ్రౌన్ రాసిన పత్రంలో, అలా ఎక్కువ చంపిన తల్లుల పిల్లలే ఎక్కువగా బతికారని ఉంది.

సందేహాలరాయుడు:
ఈ కుటుంబంలో ఇంకెవరెవరున్నారో చెప్పెయ్యండి మాస్టారూ. చెట్ల మీద పరిగెత్తే మూడు చారల ఉడుత కూడా వీళ్ల బంధువేనా?

జువాలజీ మాస్టారు:
ఉడుతలన్నీ ఒకే కుటుంబం, కానీ చెట్టు మీది చారల ఉడుతది వేరే శాఖ. మార్మోట్లు, ప్రెయిరీ డాగులు, చిప్‌మంకులు నేల ఉడుతలకి దగ్గరి దాయాదులు. పాత పుస్తకాల్లో నేల ఉడుతలన్నిటికీ స్పెర్మోఫిలస్ అని ఒకటే ప్రజాతి పేరు ఉంటుంది. విత్తనాలంటే ఇష్టపడేది అని అర్థం. 2009లో దాన్ని ఎనిమిది ప్రజాతులుగా విడదీశారు. ఆ పేరు ఇప్పుడు సూస్లిక్‌లు అనే ఐరోపా, ఆసియా నేల ఉడుతలకే మిగిలింది. అందులో ఐరోపా సూస్లిక్ అంతరించే ప్రమాదంలో ఉంది, పొట్టి గడ్డి మైదానాలు పోవడంతో. ఆఫ్రికాలో కేప్ నేల ఉడుత అని ఇంకో దూరపు శాఖ ఉంది, సుప్తావస్థ లేదు, ఎండలో తోకనే గొడుగులా నెత్తిమీద పట్టుకుని మేస్తుంది.

చలిగది:
విత్తనాల పేరు ఎత్తారు కాబట్టి. సైబీరియాలో కొలిమా నది దగ్గర గడ్డకట్టిన నేలలో, 38 మీటర్ల లోతున, మంచుయుగపు నేల ఉడుతల బొరియలు దొరికాయి. దాచుకున్న గింజలూ కాయలూ అలాగే ఉన్నాయి. 30 వేల ఏళ్ల పైమాటే. ఆ కాయల కణజాలం నుంచి రష్యన్ శాస్త్రవేత్తలు మొక్కల్ని పెంచి, పూయించి, 2012లో ప్రకటించారు. చిన్న తెల్లపూలు. దాచుకున్న ఉడుత మాత్రం తినడానికి తిరిగి రాలేదు.

కొండబాట:
ఇవాళ మళ్లీ అదే బండ దగ్గరికి వెళ్లొచ్చా, అందుకే రాస్తున్నా. కుబుసం ముక్క లేదు. బొరియ ముందు మట్టి కొత్తగా తోడి ఉంది. అరగంట కూర్చున్నాక తల్లి బయటికొచ్చింది, వెనక మూడు పిల్లలు, తల పెద్దది ఒళ్లు చిన్నది. ఒక పిల్ల ఎండుపుల్ల తెచ్చుకుని నమిలి పక్కటెముకలు నాక్కోవడం మొదలెట్టింది. కుబుసం కాదు, వట్టి పుల్ల! సాధన చేస్తోందా, లేక పురుగు కుడితే నాక్కుందా, మాస్టారే చెప్పాలి. నా సంచీలో వేరుశనగలున్నాయి, ఒకటి విసరాలని చెయ్యి దాకా వచ్చింది.

జువాలజీ మాస్టారు:
ఒక్క పిల్ల, ఒక్కసారి. అంతమాత్రానికి సాధన అనలేం. పుల్ల అక్కడే వదిలేసిందా, లోపలికి తీసుకెళ్లిందా? వాసన ఉన్న చోట పడిన పుల్లేమో కూడా చూడండి. రోజూ వెళ్తే తేదీ, సమయం, ఏ పిల్ల అన్నది రాసుకోండి.

చలిగది:
వేరుశనగ విసరనందుకు సంతోషం. పశ్చిమ అమెరికాలో వీటి మీద ఉండే ఫ్లీ అనే రక్తం పీల్చే పురుగుల ద్వారా ప్లేగు ఇప్పటికీ అప్పుడప్పుడు మనుషులకి సోకుతుంది. టులరీమియా అనే జ్వరం పేరు కూడా కాలిఫోర్నియాలోని టులారె కౌంటీ నుంచి వచ్చిందే, 1911లో అక్కడి నేల ఉడుతల్లోనే మొదట గుర్తించారు. భయపడక్కర్లేదు, దూరం నుంచి చూడండి, చచ్చిన ఉడుత కనిపిస్తే ముట్టుకోకండి, బొరియ నోటి దగ్గర కూర్చోకండి. మీ బండ బొరియకి ఎంత దూరం?

కొండబాట:
పన్నెండు అడుగులు ఉంటుంది. ఇకనుంచి ఇంకాస్త వెనక బండ చూసుకుంటా. పుల్ల లోపలికి తీసుకెళ్లలేదు మాస్టారూ, అక్కడే పడేసి తల్లి తోక పట్టుకుని లాగింది. తల్లి ఒక్కటిచ్చింది.